ఉద్దేశాల పెట్టె

పొట్టక్క పాదం మీద పడ్డ కాంక్రీటు ముక్కని నలుగురం పట్టి ఎత్తాం. శనివారం ఉదయం పదిన్నర. కొత్త చర్చి పక్కవాకిలి కప్పు కింద ఆమె ఇసుక తట్ట దించి నడుము నిమురుకుంటోంది. పైన సన్నగా పెళపెళమంది. నేను "అక్కా" అని పిలిచేలోపే కప్పు మూల విరిగి కిందికొచ్చింది. ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది కాబట్టి తల మీద పడాల్సింది పాదం మీద పడింది. ముక్క ఎత్తాక చెప్పు కనిపించింది గాని, చెప్పులో ఉన్నదాన్ని పాదం అనడానికి నోరు రాలేదు.

కాంట్రాక్టరు వచ్చాడు. ముందు కప్పు వైపు చూశాడు, తర్వాత పొట్టక్క వైపు.

"ఇవాళ శనివారం కదా," అన్నాడు.

మాకు శనివారం సేవ రోజు. వారంలో ఐదు రోజులు కూలికి మోస్తాం, శనివారం దేవుడి పేరు మీద ఊరికే మోస్తాం. అదే తట్ట, అదే ఇసుక, అదే ఎండ. "సేవలో తగిలిన దెబ్బ పనిలో తగిలిన దెబ్బ కిందికి రాదమ్మా," అన్నాడు. "ఆస్పత్రి దాకా నా బండిలో దింపిస్తా. ఆపైన దేవుడు చూసుకుంటాడు."

ఈ మాటన్న మనిషెవరో చెప్పాలి. చర్చి కట్టే కాంట్రాక్టరూ ఆయనే, మా విచారణ మండలికి అధ్యక్షుడూ ఆయనే. విచారణ అంటే ఒక ఫాదర్ కింద ఉండే కుటుంబాలన్నీ కలిపి. ఆ కుటుంబాలకి పని ఇచ్చేదీ ఆయనే, శనివారం వచ్చేసరికి ఆ పనికి సేవ అని పేరు మార్చేదీ ఆయనే. దొంగ చేతికే తాళంచెవులిచ్చి పడుకున్నాం మేము.

ఈ కార్మిక సంఘం ఆఫీసులో ఇంతమంది కూర్చున్నారు, పని చేసుకునేవాళ్ళూ చదువుకునేవాళ్ళూ. ఈ కథ నన్నే చెప్పమన్నారు. నేను తట్టలు మోసేదాన్ని, ఉపన్యాసాలు రావు. జరిగింది జరిగినట్టు చెబుతాను. ఇందులో నా తప్పు పెద్దదే ఉంది. అది దాచి మిగతాది చెబితే మీకు ఉపయోగం లేదు.

చర్చి పెద్దది కావాలని మొక్కుకున్నవాళ్ళం మేమే. పాత చర్చిలో రెండొందల మందికి చోటు, ఆదివారం వచ్చేది ఆరొందల మంది. ముసలివాళ్ళు ఎండలో గోడ పట్టుకుని నిలబడి పూజ వినేవాళ్ళు. ఉన్నది ఒక్క ఫాదర్. ఆయన అన్ని ఇళ్ళూ తిరగలేక వీధికొక కాపరిని పెట్టాడు. కాపరి అంటే మనలో మనిషే. వారానికోసారి ఇంటింటికీ వెళ్ళి మంచీచెడ్డా కనుక్కుని, ఒక ప్రార్థన చెప్పి, పుస్తకంలో ఏదో రాసుకుంటాడు. మా వీధి కాపరి టైలరన్న. ఆదివారం పీఠం దగ్గర వాక్యం చదివేదీ ఆయనే. మాట తక్కువ, రాత ఎక్కువ. అలాంటి మనిషిని అనుమానించడం తేలిక.

మా ఆయన సెంట్రింగ్ మేస్త్రి, కప్పు పొయ్యడానికి కింద రేకులు బిగించే పని. పక్కవాకిలి కూలిన ఆ వారమే, మంగళవారం నాడు, చర్చి మీద పెద్ద స్లాబు పోశాం. ఆ స్లాబు కింద నూటముప్ఫై జాకీలు. జాకీ అంటే కప్పుకి కింద నిలబెట్టే ఇనుప ఊత. "కాంక్రీటు పసిబిడ్డలాంటిది, ఇరవై ఒక్క రోజులు చంకలోంచి దించకూడదు," అంటాడు మా ఆయన. ఇరవై ఏళ్ళుగా ఆ మాటే అంటున్నాడు, ఆయన దింపిన కప్పు ఒక్కటీ పగలలేదు. పక్కవాకిలికి మాత్రం ఆరో రోజునే జాకీలు తీయించారు, మా ఆయన వేరే పనిలో ఉండగా. దాని ఫలితం పొట్టక్క పాదం.

అదే శనివారం మధ్యాహ్నం కాంట్రాక్టరు మా ఆయన్ని పిలిచాడు. "వచ్చే గురువారం పెద్ద స్లాబు జాకీలు విప్పెయ్యి. పన్నెండో రోజు ఆదివారం. బిషప్ గారొచ్చి కొత్త చర్చిని ఆశీర్వదిస్తారు. కింద బల్లలు వెయ్యాలి."

"గురువారానికి తొమ్మిది రోజులేనండి."

"నాకు లెక్కలు నేర్పకు."

"ఆరొందల మంది కూర్చుంటారండి కింద. మా అమ్మ కూర్చుంటుంది. మీ అమ్మగారూ కూర్చుంటారు."

"మా అమ్మ ముందు వరసలో కూర్చుంటుంది, పాత గోడ పక్కన," అన్నాడు కాంట్రాక్టరు. ఆ చోటి మీదికి కొత్త స్లాబు రాదు. అన్నాక తనేమన్నాడో తనకే తెలిసి మొహం తిప్పుకున్నాడు. మా ఆయన ఇంటికొచ్చి ఆ ఒక్క మాటా నాలుగుసార్లు చెప్పాడు.

ఆదివారం మధ్యాహ్నం మా ఇంట్లో ఆరుగురు కూర్చున్నారు. మా ఆయన, కడ్డీలు వంచే మా మరిది, ఇద్దరు తాపీ మేస్త్రులు, మిక్సర్ నడిపే అతను, పొట్టక్క అన్న. నేను గడప దగ్గర కూర్చుని టీ పోశాను. గురువారం ఎవరూ జాకీ ముట్టుకోకూడదని నిర్ణయించారు. బయటినుంచి మనుషుల్ని తెస్తే లోపలికి రానివ్వకూడదు. అప్పటిదాకా ఈ మాట గడప దాటకూడదు.

"కాపరి వస్తే ఏం చెబుదాం?" అన్నాడు మిక్సరతను.

"టీ ఇచ్చి పంపెయ్యండి," అన్నాడు మా మరిది. "ఆ పుస్తకంలో ఏం రాస్తాడో, ఎవరికి చూపిస్తాడో ఎవడికి తెలుసు."

నా తమ్ముడు కూడా అక్కడే పని చేస్తాడు, స్లాబు మీద నీళ్ళు కడతాడు. వాడి నోట్లో నువ్వుగింజ నానదు. అందుకే వాడికి చెప్పొద్దన్నారు. వాడికి ఆ సమావేశం జరిగినట్టే తెలియదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

మంగళవారం ఉదయం పని మొదలవకముందే కాంట్రాక్టరు అందర్నీ వరసగా నిలబెట్టాడు. పేర్లు పిలిచాడు. మా ఆయన, మా మరిది, మేస్త్రులిద్దరు, మిక్సరతను, పొట్టక్క అన్న. ఏడోది నా తమ్ముడి పేరు.

"గురువారం జాకీలు ముట్టుకోరంట. బయటివాళ్ళని రానివ్వరంట. మంచిది. మీరే రాకండి."

నా తమ్ముడు బకెట్ పట్టుకుని నోరు తెరిచాడు. "నేనేం చేశానండి?"

"అది మీ బావని అడుగు."

మర్నాడు బుధవారం పొద్దున్నే పోలీసులొచ్చి మా ఆయన్ని తీసుకుపోయారు. ఎనిమిది జాకీలు మాయమయ్యాయంట, దొంగతనం మా ఆయన చేశాడంట. ఇరవై ఏళ్ళుగా ఇంటికి మేకు కూడా తేని మనిషి. మా అత్త జీపు వెనకాల వీధి చివరి దాకా నడిచి, అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయింది. రేపు ఆ కప్పు కింది జాకీలు తీసేస్తారు, అడ్డం చెప్పగలిగిన మనిషి లాకప్పులో ఉన్నాడు. 

మాలో మాకు చెడింది అప్పుడే. గడప దాటని మాట కాంట్రాక్టరు చెవిలోకి ఎలా వెళ్ళింది? మేస్త్రులు పొట్టక్క అన్నని అనుమానించారు, చెల్లెలి వైద్యం కోసం అమ్ముడుపోయాడని. పొట్టక్క అన్న మిక్సరతన్ని అనుమానించాడు. మా మరిది అయితే ఫాదర్నే అన్నాడు. సోమవారం వాడు పాపసంకీర్తనానికి, అంటే ఫాదర్ చెవిలో పాపాలు చెప్పుకోవడానికి వెళ్ళి, పై అధికారి మాట కాదని పని ఆపితే పాపమా అని అడిగాడంట.

"ఫాదర్ ఏమన్నాడు?"

"పాపం కాదన్నాడు. జాగ్రత్తగా ఉండమన్నాడు. ఇదిగో, మర్నాడే మన పేర్లు బయటికొచ్చాయి. చెవిలో చెప్పిన పాపం కూడా బయటికి మోస్తున్నారు వదినా వీళ్ళు."

నాకు మాత్రం టైలరన్న మీదే కోపం. ఆదివారం సాయంత్రం, సమావేశం అయిన గంటకే మా ఇంటికొచ్చాడు. ఆరు టీ గ్లాసులు ఇంకా కడగలేదు. ఆయన వాటి వైపు చూశాడు. నేను చూశాను ఆయన చూడటం.

మధ్యాహ్నం ఆయన దుకాణానికి వెళ్ళాను. దారినపోయేవాళ్ళు ఆగి వినేలా అరిచాను. "గొర్రెల్ని లెక్కపెట్టి కసాయికి అప్పజెప్పేవాడిని కాపరంటారా? నా మొగుణ్ణి లాకప్పులో పెట్టించావు. నీ పుస్తకం చింపి పొయ్యిలో పెడతాను."

టైలరన్న మిషను ఆపాడు. పుస్తకం తీసి నా చేతికిచ్చాడు. "చదువుకోమ్మా."

చదివాను. మా వీధి మొత్తం అందులో ఉంది. ఫలానా ఇంట్లో ముసలమ్మకి పక్షవాతం, మంచం అడగాలి. ఫలానా అమ్మాయికి కుట్టుపని నేర్పాలి. పొట్టక్కకి ఊతకర్ర. మా ఇంటి పేజీలో ఆదివారం తేదీ కింద ఒక్క ముక్క ఉంది. "భయంతో ఉన్నారు. అడగలేదు."

పుస్తకం మూసి ఆయనకిచ్చేశాను. ముక్కాలిపీట లాగి కూర్చోమన్నాడు, కూర్చున్నాను.

"ఆరుగురు మాట్లాడుకుంటే ఏడుగుర్ని ఎందుకు తీసేశాడు?" అని అడిగాడు. "మీ తమ్ముడికి ఏమీ తెలియదని వీధంతా అంటోంది. మాట మోసినవాడు ఆ ఏడో పేరు ఎక్కడినుంచి తెచ్చాడు?"

 ఆయన ఇంకో మాట అడిగాడు. "ఉద్దేశం చీటీ ఏమన్నా వేశారా ఎవరైనా?"

ఇది మీలో చాలామందికి తెలియదు కాబట్టి చెబుతున్నాను. మా చర్చి గుమ్మం పక్కన ఒక చెక్క పెట్టె ఉంటుంది. ఎవరి కోసం ప్రార్థించాలో చీటీ రాసి అందులో వేస్తాం. పూజకి ముందు టైలరన్న అవి పైకి చదువుతాడు. చనిపోయినవాళ్ళ కోసం, జ్వరాల కోసం, పరీక్షల కోసం. పైకి చదవకూడని కష్టమైతే చీటీ రెండు మడతలు పెట్టి, పైన సిలువ గీసి వేస్తాం. సిలువ చీటీ ఎవరూ విప్పరు. విప్పకుండానే పీఠం మీద పెడతారు, అది దేవుడికీ మనకీ మధ్య సంగతి. మా అత్త పుట్టకముందు నుంచీ ఉన్న పద్ధతి ఇది.

ఆదివారం సాయంత్రం నేను సిలువ చీటీ వేశాను.

మా అత్త ఎప్పుడూ అంటుంది, దేవుణ్ణి అడిగేటప్పుడు పేర్లతో సహా వివరంగా అడగాలి, ఆయనకి ఎంతమంది అర్జీలో అని. నేను వివరంగానే అడిగాను. గురువారం జాకీలు ముట్టుకోం అని మావాళ్ళు గట్టిగా నిలబడాలి, బయటివాళ్ళని రానివ్వకుండా బలం ఇవ్వాలి, ఈ ఆరుగుర్నీ కాపాడు ప్రభువా. ఆరు పేర్లూ రాశాక నా తమ్ముడి మీదికి మనసు పోయింది. పనిలో ఏం గొడవ జరిగినా వాడికీ తగులుతుంది కదా అని ఏడో పేరు కూడా రాశాను.

"రెండు నెలలుగా నా చేతికి ఒక్క సిలువ చీటీ రాలేదు," అన్నాడు టైలరన్న. "జనం పెరిగారు, చీటీలు పెరిగాయి, తనే సర్ది పంపిస్తానని పెట్టె తాళం అధ్యక్షుడు, అదే మీ కాంట్రాక్టరు, తీసుకున్నాడు. జనానికి దాచుకునే కష్టాలు తగ్గాయేమో అనుకున్నాను. నాకు బుద్ధి లేదు."

బుద్ధి లేనిది నాకు. నా మొగుణ్ణి నేనే నా చేత్తో రాసి, మడతపెట్టి, సిలువ గీసి మరీ అప్పజెప్పాను.

ఆ సాయంత్రం ఇంకా వెలుగుండగానే పొట్టక్క ఇంటి ముందు అందరం చేరాం. పనివాళ్ళూ, వాళ్ళ ఇళ్ళల్లో వాళ్ళూ, నలభై కుటుంబాల దాకా. ఒకరి పక్కన ఒకరు నిలబడటానికి కూడా ఇష్టం లేనట్టు దూరదూరంగా ఉన్నారు. నేను మధ్యలోకి వెళ్ళి చెప్పేశాను. చీటీ సంగతి, ఏడో పేరు సంగతి, తాళం సంగతి.

మా మరిది నా మొహం చూడలేదు. తాపీ మేస్త్రుల్లో పెద్దాయన తిట్టాడు. "ఆడవాళ్ళ ముందు మాట్లాడొద్దన్నది ఇందుకే."

"చీటీ వెయ్యడం ఆడవాళ్ళ తప్పా?" అన్నాడు మిక్సరతను. "మా నాన్న జబ్బు గురించి నేనూ వేశాను సిలువ చీటీ, పోయిన నెల. వారం తిరక్కుండా, మీ నాన్నకి బాగాలేదంటగా, పని మానకు, బయట చాలామంది ఉన్నారు అన్నాడు నాతో. ఆయనకెలా తెలిసిందా అని అప్పుడు అనుకోలేదు."

ఇంకొకామె లేచింది. తర్వాత ఇంకొకరు. ఒకరి అప్పు, ఒకరి కాపురం, ఒకరి కూతురి సంగతి. దేవుడికి చెప్పుకున్నవన్నీ రెండు నెలలుగా ఒక్కడే చదువుకుంటున్నాడు, ఎవరి మెడ ఎక్కడ నొక్కితే వంగుతుందో రాసిపెట్టుకుంటున్నాడు. మేము ఒకరినొకరం ద్రోహివనీ, గూఢచారివనీ, అమ్ముడుపోయావనీ తిట్టుకుంటున్నాం. నాకు ఆ క్షణంలో వచ్చిన కోపం జీవితంలో ఎప్పుడూ రాలేదు. అందరికీ అదే కోపం వచ్చింది, మొహాల్లో తెలిసింది. జనం మెల్లగా దగ్గరికి జరిగారు.

"అయితే ఫాదర్ కాదన్నమాట," అన్నాడు మా మరిది, కొంచెం సిగ్గుతో.

"ఫాదర్ కాదు. కానీ తాళం ఇచ్చింది ఫాదరే," అంది పొట్టక్క మంచం మీదినుంచి. పాదం దిండు మీద ఉంది, గుడ్డ చుట్టి. "కాపరి గొంతు గొర్రెలకి తెలుసని ప్రతి వారం చెబుతాడు. గొర్రెల గొంతు కాపరికి తెలుసో లేదో ఒక్కసారి చూద్దాం. రేపు మళ్ళీ చీటీలు వేద్దాం."

"ఇంకా చీటీలేంటక్కా?"

"ఈసారి సిలువ గీయొద్దు. మడతా పెట్టొద్దు. పెట్టెలో వెయ్యొద్దు. తిన్నగా టైలర్ చేతికే ఇద్దాం. చేతికిచ్చిన చీటీ చదవకపోతే పూజ మొదలుపెట్టకూడదు, అవునా కాదా?"

అందరూ టైలరన్న వైపు చూశారు. నిన్నటిదాకా ఆయన్ని కుక్కని చూసినట్టు చూశాం. ఆయన కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.

"పద్ధతి అదే," అన్నాడు. "చదువుతాను."

గురువారం ఉదయం పాత చర్చిలో ఆరు గంటల పూజకి మామూలుగా పదిమంది ముసలమ్మలు వస్తారు. ఆ రోజు రెండొందల మంది వచ్చాం. కాంట్రాక్టరు రోజూ వస్తాడు, ముందు వరస ఆయనదే. వెనక్కి తిరిగి చూసి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఫాదర్ తలుపు దగ్గరే ఒక్క నిమిషం ఆగిపోయాడు.

టైలరన్న మొదటి చీటీ చదివాడు. "పెద్ద స్లాబుకి ఈరోజు తొమ్మిదో రోజు. ఇరవై ఒక్క రోజులు నిండేదాకా మేము జాకీలు తియ్యం, తియ్యనివ్వం. ఆ కప్పు కింద కూర్చోబోయే ఆరొందల మంది కోసం ప్రార్థిద్దాం."

రెండో చీటీ తీశాడు. అదే మాట, వేరే చేతిరాత. మూడోది. నాలుగోది. ఒక్కొక్కటీ మొదటినుంచి చివరిదాకా, తొందర లేకుండా, చనిపోయినవాళ్ళ పేర్లు చదివే గొంతుతోనే చదివాడు. పదకొండో చీటీకి కాంట్రాక్టరు లేచి నిలబడ్డాడు.

"ఫాదర్, ఇది చర్చా, యూనియన్ ఆఫీసా? ఆపమని చెప్పండి."

ఫాదర్ ఆయన వైపు చూశాడు, మా వైపు చూశాడు, టైలరన్న చేతిలో చీటీల కట్ట వైపు చూశాడు.  వెళ్ళి తన కుర్చీలో కూర్చున్నాడు. ధైర్యమో, భయమో, అలసటో నాకు ఇప్పటికీ తెలియదు. ఆపమని మాత్రం అనలేదు. టైలరన్న నలభై మూడు చీటీలూ చదివాడు. ఆఖరిది చదివాక "మీ దగ్గరున్న పెట్టె తాళంచెవి కూడా కావాలండి," అన్నాడు కాంట్రాక్టరుతో. అది చీటీలో లేదు.

పక్క గోడలో కొత్త చర్చికి వేసిన తలుపుంది. మేము ఆ తలుపులోంచి స్లాబు కిందికి వెళ్ళాం. అప్పటికే పదిహేనుమంది బయటి కూలీలు వచ్చి ఉన్నారు, స్పానర్లూ సుత్తులూ పట్టుకుని. ఎవరి పాటికి వాళ్ళం ఒక్కో జాకీ దగ్గరికి వెళ్ళి చెయ్యి వేసి నిలబడ్డాం. మా అత్త ఒకటి పట్టుకుంది. నా తమ్ముడు రెండు పట్టుకున్నాడు. పొట్టక్కని కుర్చీలో కూర్చోబెట్టి ఆమె అన్న మోసుకొచ్చాడు, సరిగ్గా మధ్యలో జాకీ పక్కన దించాడు. ఆమె చెయ్యి చాపి పట్టుకుంది.

బయటివాళ్ళ మేస్త్రి సుత్తి ఎత్తి పై రేకుని రెండుసార్లు కొట్టి విన్నాడు. మా ఆయన కూడా అలాగే వింటాడు.

"ఎన్నో రోజు?" అని అడిగాడు మా మరిదిని.

"తొమ్మిది."

"మాకు ఇరవై రెండని చెప్పారు." సుత్తి సంచిలో పెట్టేశాడు. తన మనుషుల వైపు తిరిగి, "సామాను సర్దండిరా," అన్నాడు. వెళ్తూ వెళ్తూ పొట్టక్క పాదం వైపు చూసి ఆగాడు. "ఎవరు చేశారమ్మా?"

"శనివారం," అంది పొట్టక్క.

తొమ్మిదింటికి పోలీసులొచ్చారు. జాకీల మీది చేతులు ఒక్కొక్కటే విడదీశారు. ఒక చెయ్యి విడదీస్తే ఆ జాకీ మీద పక్కవాళ్ళ చెయ్యి పడేది. పదకొండుమందిని పట్టగలిగారు, జీపులో అంతే పట్టారు. అందులో నేనూ, మా మరిదీ ఉన్నాం.

స్టేషన్లో మా ఆయన లాకప్పు ఊచల దగ్గరికి వచ్చాడు. గడ్డం మాసింది, పెదవి చిట్లింది. నన్ను చూసి ఏడుస్తాడేమో అనుకున్నాను.

"జాకీల దగ్గర ఎవరున్నారు?"

"అందరూ ఉన్నారు."

"ఎన్ని తీశారు?"

"ఒక్కటీ తియ్యలేదు." తర్వాత చీటీ సంగతి కూడా చెప్పాను, తల ఎత్తకుండా.  ఆయన, "నా పేరు మొదట రాశావా, మీ తమ్ముడి పేరా?" అన్నాడు. అప్పుడు ఏడ్చాను.

మధ్యాహ్నం టైలరన్న అన్నం తెచ్చాడు. పొట్టక్క చెప్పి పంపిన కబురు చెప్పాడు. ఆమెని కుర్చీతో సహా ఎత్తడానికి ముగ్గురు కానిస్టేబుళ్ళు వచ్చారంట. "నేను జాకీ వదలను. కుర్చీ ఎత్తితే జాకీ కదులుతుంది. జాకీ కదిలితే కప్పు మీ ముగ్గురి మీదే పడుతుంది, నాకైతే ఒక కాలు పోనే పోయింది," అందంట. వాళ్ళు పైకి చూసి బయటికెళ్ళి నిలబడ్డారంట. ఇప్పుడు వంతులు వేసుకుని నిలబడుతున్నారు. పన్నెండు రోజులకి పేర్లు సరిపోయాయి, ఇంకా మిగిలాయి కూడా.

"బిషప్ గారు?"

"ఆదివారం పూజ బయట మైదానంలో అని ఫాదర్ నోటీసు పెట్టాడు. కారణం రాయలేదు."

నేను టైలరన్న దగ్గర కాగితం అడిగి తీసుకున్నాను. స్టేషన్ గోడకి ఆనించి రాశాను. శనివారం మేము చేసేది పని. పనిలో విరిగిన పాదానికి పని చేయించుకున్నవాడే జవాబు చెప్పాలి. చెప్పేదాకా ఏ శనివారమూ మేము తట్ట ఎత్తం. కింద పేర్లు రాయడం మొదలుపెట్టాను. పొట్టక్క, మా ఆయన, మా అత్త, మా మరిది, నా తమ్ముడు, స్టేషన్లో ఉన్న మిగతావాళ్ళు, జాకీల దగ్గరున్నవాళ్ళు. రెండో వైపు కూడా నిండింది.

ఎస్సై బల్ల దగ్గరినుంచి చెయ్యి చాపాడు. "ఏంటది? ఇలా తే."

టైలరన్న నా వైపు చూశాడు. నేను మడతపెట్టలేదు, సిలువ గీయలేదు. రెండు చేతులతో కాగితాన్ని బాగా విప్పి, ఎస్సై బల్ల మీద పెట్టి, చదువుకోమన్నాను.